తలుపుకి వదిలిన లూజు

టైలరక్క ఇల్లు మారుతోందంటే వీధిలో ఎవరూ నమ్మలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అప్పటికి ఆవిడ మూడుసార్లు మారబోయి ఆగిపోయింది మరి. మొదటిసారి పెట్టెలన్నీ కట్టేశాక, లాయరుగారి నల్లకోటు సగంలో ఉంది, అది ఇచ్చి వెళ్తానంది. రెండోసారి వానొచ్చింది. మూడోసారి వాన కూడా రాలేదు. సాకేదీ దొరక్క, "ఎందుకో ఇవాళ వద్దులెండి" అని తలుపేసుకుంది.

మూడుసార్లూ స్నేహితులు వీడ్కోలు భోజనం పెట్టారు. మూడుసార్లూ గుండీలావిడ ఏడ్చింది. ఈ గుండీలావిడ ఎవరంటే, వీధి మొదట్లో గుండీలు, దారాలు, జిప్పులు అమ్మే చిన్న కొట్టు ఆవిడది. టైలరక్క కంటే రెండేళ్లు చిన్న. నాలుగోసారి ముహూర్తం కుదిరిందని తెలియగానే వచ్చి తేల్చి చెప్పేసింది.

"అక్కా, ఈసారి ముందుగా ఏడవను. నువ్వు లారీ ఎక్కు, లారీ కదలనీ, అప్పుడు చూద్దాం. కన్నీళ్లేమైనా కుళాయి నీళ్లా, తిప్పినప్పుడల్లా రావడానికి?"

"ఏడవమని నిన్నెవరు అడిగారు?" అంది టైలరక్క.

"అడక్కపోయినా ఏడ్చాను. మూడుసార్లు. నాలుగో ఏడుపు అడ్వాన్సుగా ఇవ్వను."

టైలరక్క ఆ మేడ మీది రెండు గదుల్లోకి వచ్చినప్పుడు ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్లు. చేతిలో ఒక కుట్టుమిషను, ఒక కత్తెర, మెడలో టేపు. ఇప్పుడు యాభై నాలుగు. టేపు ఇంకా మెడలోనే ఉంది. స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప తీయదని చెప్పుకుంటారు, అప్పుడు కూడా తీస్తుందనడానికి సాక్ష్యం లేదని గుండీలావిడ అంటుంది. ముందు గదిలో కుట్టుపని, వెనక గదిలో కాపురం. కాపురమంటే ఒక్కర్తే. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "వచ్చినవాళ్లెవరూ కొలతకి సరిపోలేదు" అని దారం పంటితో తెంపేది. అలా తెంపాక రెండో ప్రశ్న అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు మారడమెందుకంటే, మెట్లు. ముప్పై ఎనిమిది మెట్లు. పోయిన ఏడాది బడిపిల్లల యూనిఫారాల మూట ఎత్తుకుని దిగుతూ ఇరవై మూడో మెట్టు మీద జారింది. యూనిఫారాలకేమీ కాలేదు. డాక్టరు మోకాలు అటూ ఇటూ వంచి చూసి, "అమ్మా, మెట్లయినా మానుకో, మోకాళ్లయినా మానుకో" అన్నాడు. రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్లో చెల్లెలు టీచరుగా పనిచేస్తోంది. వాళ్ల వీధిలోనే కింద వాటా ఒకటి ఖాళీ అయితే అక్క కోసం పట్టి పెట్టింది. రోడ్డు మీదికే తలుపు. మెట్టు ఒక్కటే, అదీ జానెడు.

అందుకని నాలుగోసారి ఆ ఆదివారం పొద్దున్నే స్నేహితులు ముగ్గురూ దిగారు. గుండీలావిడ, కింద వాటాలో ఉండే రిటైరైన నర్సు వదిన, వీధి చివరి వడ్రంగి.

నర్సు వదిన గాజుసామానంతా తన మీద వేసుకుంది. ఒక్కో గ్లాసునీ విరిగిన చేతికి కట్టు కట్టినట్టు చుట్టి, ఎక్కడా వదులు లేకుండా ముడేసి, అట్టపెట్టెలో పడుకోబెట్టి, పైన కాగితం అంటించి, తేదీ, టైమూ రాసింది.

"టైమెందుకు వదినా?"

"ఎప్పుడు కట్టామో తెలియొద్దూ?"

"తెలిస్తే ఏం చేస్తాం?"

నర్సు వదిన కాసేపు ఆలోచించింది. "అదీ నిజమే," అని తర్వాతి పెట్టె మీద కూడా టైము రాసింది.

గుండీలావిడ పద్ధతి వేరు. ముప్పై ఏళ్లుగా ఒకే సైజు, ఒకే రంగు గుండీల్ని ఒక్కో సీసాలో వేస్తున్న చేతులవి. వంటింట్లో గరిటెలు ఒక పెట్టెలో, స్పూన్లు ఇంకో పెట్టెలో, మూతలన్నీ వేరే పెట్టెలో వేసింది. మూత ఒకచోట, గిన్నె ఒకచోట. అక్కడికెళ్లాక ఏ మూత దేనికో వెతుక్కోవాలి కదా అంటే, "అది నీ పని. చూడు, పెట్టె తెరిస్తే ఎంత ముచ్చటగా ఉందో" అంది. ఒక చిన్న జల్లెడ మాత్రం ఏ జాతిలోనూ చేరక గట్టు మీద ఉండిపోయింది. దాన్ని గుండీలావిడ రెండుసార్లు ఎత్తి, రెండుసార్లూ అక్కడే పెట్టింది.

ఇక మిగిలినవి కొలత పుస్తకాలు. ఇరవై ఆరేళ్లవి, పదకొండు. వీధిలో ఎవరి ఛాతీ ఎంత, ఎవరి నడుము ఏ ఏడాది ఎంత పెరిగింది, అన్నీ వాటిలో ఉన్నాయి. గుండీలావిడ వాటి ముందు కూలబడి తన పేజీలు వెతకడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

"నా పేజీలు చింపుకుంటున్నా. నా నడుము సంగతి పరాయి ఊరికి దేనికి?"

"అందులో ఉన్నది నీ నడుము కాదు. రెండంగుళాలు కలిపి రాశాను."

గుండీలావిడ చేతులాగిపోయాయి. "ఉన్నది చాలదనా కలిపావు?"

"అందరికీ కలుపుతాను. కొలిచిన రోజు మనిషి ఊపిరి బిగపడుతుంది. బట్ట చేతికొచ్చేసరికి నాలుగు భోజనాలు ఎక్కువ తింటుంది. నేను లూజు వదలకపోతే మీరంతా ఎప్పుడో కుట్లు పిగిలిపోయేవాళ్లు."

ఇది నిజమే. ఆవిడ పుస్తకంలో ఎవరి అసలు కొలతా ఉండదు. టేపు మీద ముప్పై నాలుగు కనపడితే చెయ్యి దానంతటదే ముప్పై ఆరు రాస్తుంది. మధ్యలో ఆలోచన ఉండదు. ఆవిడ కుట్టిన బట్టలు ఎవరికీ బిగుతుగా లేవు, కానీ ఎవరికీ సరిగ్గానూ లేవు. "చెల్లెమ్మ కుట్టిన చొక్కాలో నేనూ, చలికాలమైతే మా తమ్ముడూ కూడా పడతాం" అని వడ్రంగి అందరికీ చెబుతుంటాడు.

ఆ సమయంలో వడ్రంగి ముందు గదిలో బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. కత్తిరింపు బల్ల. ఆవిడ వచ్చిన ఏడాదే అతను చేసిచ్చాడు. ఆరడుగుల పొడవు, నడుమెత్తు. విడిగా కాళ్లుండవు, కింద సొరుగులు, అరలు కలిపి ఒకే దిమ్మ. ముందువైపు అంచు, ఆవిడ పొట్ట ఆనించి వాలేచోట, అరిగి అరిగి లోపలికి కాస్త వంపు తిరిగింది. ఒక మూల ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. గుడ్డ పరిచి అరచేత్తో ఒక్కసారి నిమిరితే ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో ఆవిడ చేతికి తెలుసు. చెల్లెలితో మొదటి రోజే చెప్పింది, "బల్ల వస్తేనే నేనొస్తాను. ఈ వయసులో కొత్త ఊళ్లో కొత్త మనుషులు చాలు. కొత్త బల్ల కూడా అంటే నా వల్ల కాదు" అని.

"చెల్లెమ్మా, అక్కడ వీధి తలుపు ఎంత వెడల్పన్నావు?" అన్నాడు వడ్రంగి.

"ముప్పై అయిదు. పోయిన నెల నేనే స్వయంగా టేపు పెట్టి చూశాను అన్నా. పుస్తకంలో రాసుకున్నాను."

"బల్ల ముప్పై నాలుగు. నిలబెట్టి తోస్తే అంగుళం మిగులు. పర్వాలేదు."

నలుగురు కూలీలు బల్లని ముప్పై ఎనిమిది మెట్లూ దించారు. టైలరక్క వాళ్ల వెనకే "మెల్లగా, మెల్లగా" అంటూ దిగింది. తన మోకాలు నొప్పి పెడుతోందన్న సంగతి కిందికొచ్చాక గుర్తొచ్చింది.

అక్కడితో లారీ కదలాలి. కదల్లేదు. కుళాయి కట్టానో లేదోనని ఆవిడ మళ్లీ పైకెళ్లింది. దిగొచ్చి, వెనక కిటికీ వేశానో లేదోనంది. మళ్లీ వెళ్లింది. మూడోసారి మెట్ల దగ్గరికి రాగానే నర్సు వదిన మొదటి మెట్టు మీద అడ్డంగా కూర్చుంది.

"విజిటింగ్ టైము అయిపోయింది అమ్మాయ్. పేషెంటు లేని వార్డులో నీకేం పని?"

టైలరక్క డ్రైవరు పక్కన ఎక్కింది, ఒళ్లో మిషను తల పెట్టుకుని. వెనక వడ్రంగి పాతకారులో మిగతా ముగ్గురూ. లారీ మలుపు తిరిగింది. గుండీలావిడ ఏడుస్తుందేమోనని ఆవిడ అద్దంలోంచి చూసింది కానీ, అద్దంలో కారు ముందుభాగం, అందులో ముందు సీటు కోసం నర్సు వదినతో వాదిస్తున్న గుండీలావిడ చెయ్యి మాత్రమే కనిపించాయి.

మధ్యాహ్నానికి కొత్త ఇంటికి చేరారు. చెల్లెలు తాళంచెవితో గుమ్మంలో నిలబడి ఉంది. తెల్లగా సున్నం, గుమ్మానికి కొత్త నీలం రంగు. మంచం వెళ్లింది, మిషను వెళ్లింది, టైము రాసిన పెట్టెలు వెళ్లాయి. చివరికి బల్ల. కూలీలు దాన్ని నిలువుగా లేపి గుమ్మం దాకా తెచ్చి తోశారు. ఠప్పుమని ఆగింది. ఇటు తిప్పి తోశారు. ఆగింది.

వడ్రంగి టైలరక్క మెడలోంచి టేపు తీసి గుమ్మానికి పట్టాడు. ఒకసారి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాడు.

"ముప్పై మూడు."

"కాదన్నా, ముప్పై అయిదు," అని ఆవిడ సంచీలోంచి పుస్తకం తీసి చూపించింది. నిజంగానే ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలతో. వీధి తలుపు, ముప్పై అయిదు. దాని కింద గీత కూడా గీసింది.

అందరూ ఆ పేజీని చూశారు. తర్వాత గుమ్మాన్ని చూశారు. తర్వాత టైలరక్కని చూశారు. ముందు అర్థమైంది గుండీలావిడకే. అరుగు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఊగిపోతూ నవ్వింది.

"తలుపుకి కూడా లూజు వదిలావా అక్కా. అదేం తింటుందని లావెక్కుతుంది?"

నర్సు వదిన నవ్వింది. చెల్లెలు అక్కకి కనపడకుండా అటు తిరిగి నవ్వింది. కూలీలకి అర్థం కాకపోయినా నవ్వారు. టైలరక్క మాత్రం నవ్వలేదు. రోడ్డు మీద, ఎండలో, పరాయి ఇంటి గుమ్మం ముందు నిలువుగా నిలబెట్టిన బల్లని చూస్తూ ఉండిపోయింది. దాన్ని అలా నిలువుగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఎవరో తెలిసిన మనిషిని అందరి ముందూ నిలబెట్టి తిడుతున్నట్టుంది.

గుమ్మం తీసేద్దామా అంటే, సిమెంటు వేసి బిగించింది, ఇంటాయన ఒప్పుకోడు. కిటికీలకి ఊచలు. వడ్రంగి వంగి బల్ల చుట్టూ చూసి, గొంతు సవరించుకున్నాడు.

"వెనకవైపు పైచెక్క దిమ్మ కంటే రెండంగుళాలు బయటికుంది. అంగుళంన్నర కోస్తే చాలు, దర్జాగా లోపలికి పోతుంది. రంపం కార్లోనే ఉంది."

"ఆ బల్ల మీద రంపం పెట్టావంటే నీకూ నాకూ మాటల్లేవు."

"నేను చేసిన బల్లే కదా చెల్లెమ్మా."

"చేసింది నువ్వే. ఇరవై ఆరేళ్లు దాని మీద వాలింది నేను."

"అమ్మాయ్," అంది నర్సు వదిన, "నా తెల్లకోటు పట్టుకుని కత్తెర ఆడించేటప్పుడు ఏమనేదానివి? ఏం కాదు వదినా, లోపలికి పోయే గుడ్డే కదా, ఎవరికి కనపడుతుంది అనేదానివి. మరి ఇదీ గోడవైపు పోయే చెక్కే కదా."

"కోటు కోటే, బల్ల బల్లే."

చెల్లెలు మధ్యలో కల్పించుకుంది. "పోనీ కొత్త బల్ల చేయిద్దాం అక్కా." అక్క చూసిన చూపుకి, బళ్లో నలభైమంది పిల్లల్ని అదుపులో పెట్టే మనిషి కాస్తా రెండడుగులు వెనక్కి వేసింది.

లారీ డ్రైవరు చేతి గడియారం చూసుకున్నాడు. "అమ్మా, సాయంత్రం నాకు వేరే సరుకుంది. లోపలికా, వెనక్కా, ఏదో ఒకటి తేల్చండి."

టైలరక్క కొత్త ఇంటి లోపలికి చూసింది. గోడలు మరీ తెల్లగా ఉన్నాయి. ఆ వీధిలో ఎవరి భుజం ఎటు వాలిందో ఆవిడకి తెలియదు. కొలత పుస్తకంలో మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, యాభై నాలుగేళ్ల వయసులో. పాతింటి తాళం నెలాఖరు దాకా తన దగ్గరే ఉంటుంది, ఇంకా తొమ్మిది రోజులుంది. తనకి కావలసిన సాకు ఆరడుగుల ఎత్తున, అందరికీ కనపడేలా గుమ్మంలోనే నిలబడి ఉంది. దాన్ని కాదనడం ఎవరి వల్లా కాదు.

"వెనక్కే," అంది. "బల్ల ఇక్కడ దిగదు. నేనూ దిగను. మంచం ఎత్తండి."

కూలీలు వడ్రంగి వైపు చూశారు. వడ్రంగి నర్సు వదిన వైపు చూశాడు. నర్సు వదిన ఏదో అనబోయి గుండీలావిడ కోసం చుట్టూ చూసింది, ఇలాంటప్పుడు గట్టిగా అరిచేది ఆవిడే కాబట్టి. ఆర్నెల్లుగా వెళ్లు, వెళ్లు అని టైలరక్క ప్రాణం తోడేసింది ఆవిడే. డాక్టరు మాట రోజుకి మూడుపూటలా గుర్తుచేసింది ఆవిడే. కానీ అరుగు మీద గుండీలావిడ లేదు.

కార్లో ఉంది. ఎప్పుడు వెళ్లి ఎక్కిందో ఎవరూ చూడలేదు. ముందు సీట్లో, సంచీ ఒళ్లో పెట్టుకుని, తలుపు బిగించుకుని, బడి బస్సులో కిటికీ పక్క చోటు దొరికిన పిల్లలా నేరుగా ముందుకి చూస్తూ కూర్చుంది.

టైలరక్క కుంటుకుంటూ కారు దగ్గరికి వెళ్లింది.

"ఏంటే ఇది?"

"వెనక్కి అన్నావుగా. ఎక్కాను."

"అనగానే ఎక్కేయడమేనా? నన్ను తిట్టవా?"

"తిట్టి తిట్టి నోరు నొప్పెట్టింది. నీ ఇష్టం. వెళ్దాం పద."

"మరి నా మోకాళ్లో?"

గుండీలావిడ ఇంకా ముందుకే చూస్తోంది. "నువ్వు మెట్లు దిగక్కర్లేదు. పాలు, కూరలు, దారాలు, ఏం కావాలన్నా కొట్టు తెరిచే ముందొకసారి, మూసే ముందొకసారి నేను తెచ్చిస్తా. యూనిఫారాల మూటలు కూడా నేనే దించుతా. అంతా ఆలోచించి పెట్టుకున్నా."

"ఎప్పటినుంచి?"

"మొదటిసారి నువ్వు ఆగిపోయినప్పటి నుంచి."

టైలరక్క కారు కిటికీ పట్టుకుని నిలబడింది. రోజుకి రెండుసార్లు ముప్పై ఎనిమిది మెట్లు. ఇరవయ్యో మెట్టు దగ్గరికొచ్చేసరికి గుండీలావిడకి ఆయాసం వస్తుందనీ, అక్కడ గోడకి ఆనుకుని కాసేపు ఆగి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని పైకొస్తుందనీ ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఆ ఆగిన చప్పుడు బల్ల దగ్గరికి వినపడుతుంది.

"నీకూ మోకాళ్లున్నాయి కదే," అంది.

"ఉంటే? అరిగితే అరుగుతాయి."

డ్రైవరు మళ్లీ గడియారం చూసుకున్నాడు.

"సంచీలో సుద్ద ఉందా?" అంది టైలరక్క.

"నా సంచీలో సుద్ద లేకుండా ఎప్పుడుంది? దేనికి?"

"దిగు ముందు."

బల్లని పక్కకి పడుకోబెట్టించింది. వెనక అంచు మీద రెండు చివర్లా అంగుళంన్నర కొలిచింది. ఈసారి టేపు ఎంత చెప్పిందో అంతే పెట్టిందా లేదా అని వడ్రంగి వంగి మరీ చూశాడు. ఆవిడ పట్టించుకోలేదు. ఆరడుగుల గీత ఒక్క చేత్తో, ఎక్కడా ఆగకుండా లాగేసింది. లాగి, సుద్ద వడ్రంగి చేతిలో పెట్టి, లోపలికి వెళ్లి స్నానాలగదిలో కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్లు బకెట్లో పడుతున్న చప్పుడు వింటూ నిలబడింది. బకెట్ నిండింది, పొర్లింది, ఆవిడ కట్టలేదు.

"అయిపోయింది అమ్మాయ్," అని నర్సు వదిన గుమ్మంలోంచి కేకేసింది. "రోగి క్షేమం. రక్తం పోలేదు. వచ్చి చూసుకో."

బల్ల ఈసారి గుమ్మాన్ని రాసుకుంటూ, కొత్త నీలం రంగు కాస్త గీసుకుంటూ లోపలికి వచ్చేసింది. కిటికీ వారగా, కోసిన వైపు గోడకి ఆనించి దించారు. టైలరక్క దాని ముందు నిలబడి అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరికి నిమిరింది. తిట్టు రాకపోవడం మంచి సూచనేననుకుని వడ్రంగి రంపం తుడుచుకున్నాడు.

లారీ వెళ్లిపోయింది. టీ తాగారు, కప్పులు ఏ టైముకి కట్టిన పెట్టెలో ఉన్నాయో కనిపెట్టడానికే పావుగంట పట్టింది. తర్వాత ముగ్గురూ బయల్దేరారు. అప్పుడు చూస్తే గుండీలావిడ, కోసి పారేసిన ఆరడుగుల చెక్కపేడు కార్లో దూరుస్తోంది. అది ఎంత తోసినా వెనక కిటికీలోంచి రెండడుగులు బయటికి పొడుచుకొస్తోంది.

"అదెందుకే నీకు?"

"కొట్లో అరకి అంచు కొట్టిస్తా. గుండీల సీసాలు పడిపోతున్నాయి."

"నీ సీసాలు ఒక్కటైనా పడటం నేనెప్పుడూ చూడలేదు."

"ఇకమీదట పడతాయి," అంది గుండీలావిడ.

వడ్రంగి తలగోక్కున్నాడు. "ఇలా బయటికుంటే చివర ఎర్రగుడ్డ కట్టాలి. లేకపోతే వెనకొచ్చే బండివాడి కంట్లో గుచ్చుకుంటుంది. ఏదైనా పేలిక ఉంటే పడెయ్ చెల్లెమ్మా."

టైలరక్క లోపలికెళ్లి గుడ్డముక్కల మూట విప్పింది. ఎరుపు వెతికి తీసింది. బల్ల మీద పరిచి, నలుచదరంగా కత్తిరించింది. పని అంతటితో అయిపోవాలి. కానీ ఎంతకీ బయటికి రాలేదు. కార్లో ముగ్గురూ ఎదురుచూశారు. వడ్రంగి రెండుసార్లు హారను కొట్టాడు. చివరికి నర్సు వదిన దిగొచ్చి కిటికీలోంచి తొంగిచూసింది. టైలరక్క బల్ల మీదికి వంగి, సూదీ దారంతో ఆ పేలికకి నాలుగువైపులా అంచు మడిచి కుడుతోంది.

"అది కారు వెనక కట్టే పేలిక అమ్మాయ్."

"తెలుసు వదినా. మూడు వైపులు అయ్యాయి, ఇంకొక్కటే. కూర్చోమను దాన్ని."